బంపరు మీద సొట్ట

“అయిపోయింది మామయ్యగారూ, నా పని అయిపోయింది!”

కారు దిగుతూనే కోడలు తల పట్టుకుంది. వసారాలో గోడకేసి చూస్తూ కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

“ఏమైందమ్మా?”

“గేటు స్తంభానికి గుద్దేశాను. సాయంత్రం మీ అబ్బాయి చూశారంటే తాళాలు లాక్కుంటారు. ఇక జన్మలో కారు ముట్టుకోనివ్వరు!”

పెద్దాయన వంగి చూశాడు. ముందు బంపరుకి సరిగ్గా మధ్యలో గిన్నెంత సొట్ట.

“రంగు మీద గీత కూడా పడలేదే! ఎవరో మహానుభావుడు స్తంభానికి గోనెసంచి చుట్టబట్టి బతికిపోయావు.”

ఆయన జీవితమంతా కార్ల సొట్టలు తీశాడు. రేకు మీద ఆయన సుత్తి పడితే, సొట్ట ఎక్కడుండేదో కారు తయారుచేసినవాడు కూడా చెప్పలేడనేవారు. ఆ తర్వాత ప్లాస్టిక్ బంపర్లు వచ్చాయి. సొట్ట పడితే పీకి పారెయ్యడం, కొత్తది తగిలించడం. షెడ్డు మూతపడింది. అప్పట్నుంచి ఆయన మనిషిలో మనిషి కాడు. ముద్ద సయించదు. ‘ఈ చేతులు ఇక దండగ’ అనడం తప్ప మాట లేదు. మొన్న భోజనాల దగ్గర మాత్రం, “వేన్నీళ్లు పోస్తే ప్లాస్టిక్ సొట్ట కూడా పోతుంది. ఎవడడిగాడు నన్ను?” అని గొణిగాడు.

ఇప్పుడు అడిగే మనిషి ఎదురుగా నిలబడి ముక్కు ఎగబీలుస్తోంది.

“ఏడవకు. వేన్నీళ్లు పట్రా.”

“కాఫీకని పెట్టాను, ఉండండి” అంటూ పరిగెత్తి, క్షణంలో పెద్ద గిన్నెడు మరిగే నీళ్లు తెచ్చింది. “సుత్తి కూడా తేనా?”

“సుత్తితో కొడితే పెళ్లున పగులుతుంది తల్లీ. ఇది అలిగిన పిల్లలాంటిది. వెచ్చగా బుజ్జగించాలి.”

సొట్ట మీద నీళ్లు నిదానంగా పోయించాడు. గుడ్డ చుట్టిన చేతిని కిందనుంచి బంపరు వెనక్కి దూర్చి, తడిమి తడిమి, అరచేత్తో ఒక్క తోపు తోశాడు. ఠప్! సొట్ట మాయం. మళ్లీ వంగకుండా వెంటనే చన్నీళ్లు గుమ్మరించాడు.

“అమ్మ బాబోయ్! మీ చేతిలో మంత్రముంది!”

“మంత్రమా, నా మొహమా! ముందు నువ్వు కళ్లు తెరిచి నడపడం నేర్చుకో” అన్నాడు గానీ, మీసాల కింద నవ్వు దాగలేదు. ఎన్నాళ్లకో ఆయనకి కడుపు నిండినంత సంతోషంగా ఉంది.

ఆ పూట పిలవకుండానే భోజనానికి వచ్చాడు. అటక మీది పనిముట్ల పెట్టె దింపి తుడిచాడు. కొడుక్కి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ పక్కింటాయనకి బంపరు చూపించాడు.

సాయంత్రం కొడుకు వచ్చి, కారు వైపు ఓ చూపు చూసి లోపలికి వెళ్లిపోయాడు. గండం గడిచిందన్నట్టు పెద్దాయన కోడలికి సైగ చేశాడు.

వంటింట్లో కొడుకు గొంతు తగ్గించి భార్యని అడిగాడు. “నాన్న తిన్నారా?”

“మారు వడ్డించుకున్నారు” అంది ఆమె, గోనెసంచి మడత పెడుతూ. “వచ్చే వారం వెనక బంపరు గుద్దుతాను.”

“వచ్చే వారం వెనక బంపరు గుద్దుతాను.”