కొండచిలువకు పస్తు

"బావా, అది తల పైకెత్తింది! పెట్టెయ్!" అన్నాడు జక్రయ్య, ఎలకల సంచి మూతి విప్పుతూ.

"ఆగరా! అడిగినప్పుడల్లా పెడితే ఈ చిలువ చిలవలు పలవలుగా పెరిగి, ఇల్లు దానిదవుతుంది, నేను అద్దెకుండాలి." మరియదాసు తన పెంపుడు కొండచిలువ పెట్టె మూత సగమే తెరిచాడు. "ఒక్కటే పెడతా. అదీ దాని నడుంకన్నా లావుండకూడదు. ఏదీ, చూపించు."

"కన్నాల్లో పొగ పెట్టే పని కూడా పడలేదు బావా! మిరపచేను గట్టుమీద తూలుతుంటే చేత్తో ఏరుకొచ్చా."

మరియదాసు టక్కున మూత వేసేశాడు.

"ఇది విందు కాదురా, మందు! నిన్న ఆసామి ఎలకల మందు కలిపిన నూకలు గట్టంతా చల్లించాడు. వీటిని మింగితే నా చిలువ చస్తుంది. తీసుకెళ్లి పాతిపెట్టు!"

"పాము తిండికి ఇన్ని పరీక్షలా? పెళ్లిచూపులే నయం!" జక్రయ్య నవ్వాడు.

లోపల్నుంచి మరియదాసు భార్య రెబ్కా కేకేసింది. "ఇద్దరూ రండి! కోడికూర దించా!"

"ఏం పండగక్కా?"

"పండగా పాడా! పొద్దున మన పెట్ట ఆ గట్టుమీంచే తూలుతూ వచ్చిందిరా. చస్తే దండగని కోసేశా. పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు."

జక్రయ్య నవ్వు ఆగిపోయింది. మరియదాసు అప్పటికే వంటింట్లో ఉన్నాడు. చేతులు కాలుతున్నా కూరగిన్నె వదలకుండా పెరట్లోకి పరుగెత్తాడు.

పిల్లలు ఏడ్చారు. రెబ్కా తిట్టింది. జక్రయ్య ఎలకల కోసం తియ్యాల్సిన గొయ్యి కూరకూ సరిపోయేలా ఇంకాస్త లోతుగా తవ్వాడు.

"బావా," అన్నాడు చివరికి, "రేపట్నించి పాము తిండితోపాటు మా కూర కూడా నువ్వే పరీక్ష చెయ్యి."