పర్ర మీద పూతరేకు

ఆ పెద్దమనిషి చెప్పు పర్రలో దిగబడిపోయింది.

తలపాగా ఒక చేత్తో, పంచె కుచ్చెళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని, ఆయన ఆ ఉప్పునేల మధ్య ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు.

పాపాయి కిసుక్కున నవ్వింది.

పెళ్ళై నెల తిరగలేదు. ఈమధ్య ఆమెకి ఏం చూసినా నవ్వే. కాలి మట్టెలు చప్పుడైతే నవ్వు. కాకి ఎండుచేపని ఎత్తుకుపోతే నవ్వు. మొగుడి పడవ తెరచాప దూరంగా కనబడితే మరీ నవ్వు.

"కదలకండి బాబుగారండీ, రెండోది కూడా పోద్ది!"

పరుగెత్తి వెళ్ళి, చెప్పు పైకి లాగి, కాలవలో కడిగి ఇచ్చింది.

"బతికించావమ్మా. కొత్త పెళ్ళికూతురివా?"

"ఆయ్. ఎలా తెలిసిందండి?"

"మెడలో తాడు పసుపింకా ఆరలేదుగా."

ఆయన సంచిలోంచి ఆకుపొట్లం తీశాడు.

"ఆత్రేయపురం పూతరేకులు. పడవలో వస్తూ కొన్నాను. తీసుకో."

పాపాయి వాటి పేరు వినడమే గాని తిన్నది లేదు. ఒకదాని అంచు విప్పి ఎండకెత్తి చూసింది. అందులోంచి వెలుగు కనబడింది. నోట్లో పెట్టుకుంటే, నమిలేలోపే మాయమైపోయింది. మళ్ళీ నవ్వొచ్చింది.

అంతలో ఆయన వంగి, నేల మీది తెల్లటి పొరని వేలితో గీకి నాలిక మీద వేసుకున్నాడు.

పాపాయి నవ్వు ఆగిపోయింది.

మన్ను రుచి చూసేది సర్కారు ఉప్పు జవాన్లే. ఇక్కడ ఎవరో దొంగతనంగా ఉప్పు తీస్తున్నారని నాలికతో తేల్చుకుని, మనిషి మీద పడతారు.

మడచెట్ల వెనక ఆమె మొగుడు లోవరాజు అప్పుడు ఉప్పుమన్నే గోకుతున్నాడు.

"ఈ చేపలు ఎండబెట్టడానికి ఉప్పెక్కడిదమ్మా?" అన్నాడాయన.

గుడిసె ముందు చేపలు తిరగేస్తున్న అత్త అచ్చాయమ్మ చెయ్యి ఆగింది. కోడలి వైపు చూసి కళ్ళెర్ర చేసింది.

"కొటారులో కొంటామండి. సర్కారు ఉప్పే" అంది పాపాయి.

"అంత ధర పెట్టి కొనగలరా?"

"ఎందుకు కొనలేమండి! మాకేం లోటు?"

"కాళ్ళ కింద ఇంత ఉప్పుంది. ఎత్తుకోనిస్తే మీకు మేలు కాదూ?"

వల వేస్తున్నాడు, అనుకుంది పాపాయి.

"ఛీ, ఆ మన్ను ముట్టుకోమండి. చేప చేదెక్కిపోద్ది."

"భయపడకుండా చెప్పు తల్లీ. నీ మాట మీద చాలా ఉంది."

పాపాయి ఇంకో పూతరేకు నోట్లో వేసుకుని తియ్యగా నవ్వింది.

"నిజమేనండి. మాకే లోటూ లేదండి."

ఆయన ఆ నవ్వు వైపు కాసేపు చూశాడు.

"చల్లగా ఉండండమ్మా, అంతే చాలు" అని పడవ వైపు నడిచాడు.

పడవ మలుపు తిరిగాక అచ్చాయమ్మ మెటికలు విరిచింది.

"నా తల్లే! ఇనస్పెక్టరునే బోల్తా కొట్టించావే!"

లోవరాజు మడచెట్ల వెనకనుంచి బురద కాళ్ళతో వచ్చాడు. మిగిలిన పూతరేకుని ముగ్గురూ పంచుకుని తిన్నారు.

వానలు వెలిశాక, ఉప్పుమన్ను ఎత్తితే జైలేనని కొత్త చట్టం వచ్చింది.

ఇదివరకైతే జవాన్లు తిట్టి, వల లాక్కుని వదిలేసేవారు. ఈసారి లోవరాజుని పర్ర మీదనుంచే జైలుకి తీసుకుపోయారు.

అత్తాకోడళ్ళు నరసాపురం వెళ్ళి వకీలు తాతాజీ గారి అరుగు ముందు నిలబడ్డారు.

"నేను చేయగలిగింది లేదమ్మా. మేజిస్ట్రేటు గారు చేయగలిగిందీ లేదు. ఇది కలకత్తా చట్టం."

"ఆ కలకత్తా దొరగారి కాళ్ళు పట్టుకుంటామండి" అంది అచ్చాయమ్మ.

"ఒక్క దొరైతే పట్టుకోవచ్చు. అది సభ. చట్టానికి ముందు చిత్తు రాసి సభలో పెడతారు. కొద్దిమందిని కమిటీగా వేస్తారు. వాళ్ళు మాట మాటా చూసి, చేర్చేది చేర్చి, తీసేది తీసి మళ్ళీ సభకి ఇస్తారు. సభ ఔనంటే పెద్ద లాటుగారు సంతకం పెడతారు. పెట్టేశారు."

"పెట్టింది మార్చరా అండి?"

"మార్చాలన్నా మళ్ళీ మొదటినుంచీ అదే దారి. మనకోసం ఎవరు తెస్తారు? అక్కడ కూర్చునేది దాదాపు అంతా దొరలే."

పాపాయి తలెత్తింది.

"మా గురించి చేసేటప్పుడు మమ్మల్ని ఒక్క మాటైనా అడగరా అండి?"

తాతాజీ గారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"ఒకాయన అడుగుతానన్నారమ్మా. కమిటీలో మనవాడు ఆయనొక్కరే. చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు పర్రలో ఉప్పెత్తుకోవచ్చని ఒక్క వాక్యం చేర్చమన్నారు. వాళ్ళకి నిజంగా అంత కష్టముందా అన్నారు దొరలు. చూసొస్తానని బయల్దేరారు. పదవి చెబితే జనం భయపడతారని, పేరైనా చెప్పకుండా మన తీరమంతా తిరిగారట. సభలో జరిగిందంతా పత్రికలో వేశారు, చదివాను."

"మరి ఆ వాక్యం ఏమైందండి?" అంది అచ్చాయమ్మ.

పాపాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనే వెనక్కి తీసుకున్నారమ్మా. పర్రలో దిగబడ్డ తన చెప్పు తీసి, కడిగిచ్చిన ఒక కొత్త పెళ్ళికూతురు తమకే లోటూ లేదని నవ్వుతూ చెప్పిందనీ, అంత చల్లని పిల్ల అబద్ధమాడదనీ సభలో నిలబడి చెప్పారట."