స్కాన్ గది బెల్లు

ఎమ్మారై గొట్టంలోకి వెళ్లాలంటే భయమని ప్రభాకర్ భార్యకు కూడా చెప్పుకోలేదు. డాక్టరు రాసిన మత్తు మాత్ర వేసుకుని, రాత్రి తొమ్మిదికి పటాన్‌చెరులోని స్కాన్ సెంటర్లో పడుకున్నాడు. స్కాన్ అయ్యాక బయటి గదిలోకొచ్చి అడిగాడు.

"మత్తుల ఏమన్న మాట్లాడిన్నా మేడం?"

టెక్నీషియన్ తేజస్విని ఇబ్బందిగా చూసింది. "'తలుపు తియ్యకుర్రి, పొగొస్తది' అని ఒకటే గొణిగారండీ."

ప్రభాకర్ తల దించుకున్నాడు. పాశమైలారంలో తను పనిచేసిన ఫ్యాక్టరీ కాలిన రోజు, తోటి కార్మికుడు సంగయ్య లోపలే ఉన్నాడని తెలిసీ, పొగ రాకుండా తలుపుకు బయట గడియ పెట్టింది తనే. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అంతలో స్కాన్ గదిలోంచి బెల్లు మోగింది. గొట్టంలో పడుకున్నవాళ్లు భయమేస్తే నొక్కే బెల్లు.

"లోపల ఎవరూ లేరే!" అంటూ తేజస్విని తలుపు దగ్గరికి నడిచింది.

ప్రభాకర్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. బెల్లు మోగుతూనే ఉంది. సిగ్గుతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పక్కకు జరగలేదు.