ఒక్కటే ఖాళీ

"పైన నేను కనబడితే పలకరించకు. నవ్వకు కూడా. నేనెవరో నీకు తెలీదు, అంతే," అంది తల్లి, మెట్ల మలుపులో కూతురి చొక్కా కాలరు సరిచేస్తూ.

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటే? ఇక్కడ నేల తుడిచే మనిషి కూతురివని తెలిస్తే నిన్ను ఇంజనీరు కుర్చీలో కూర్చోబెడతారా?"

కూతురు ఏదో చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఫైలు గుండెకు హత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తల్లి రెండు నిమిషాలు ఆగి, బకెట్టు పట్టుకుని వెనకాలే ఎక్కింది. పదకొండేళ్ళుగా ఆ మూడో అంతస్తంతా ఆమెదే. పొడవాటి వరండా, పదహారు గదులు, నాలుగు బాత్రూములు. అందరూ ఆయమ్మ అంటారు. అసలు పేరు ఎవరికీ తెలియదు, అవసరమూ పడలేదు. ఆ గచ్చు మీద మోకాళ్ళు అరగదీసుకుని కూతుర్ని కెమికల్ ఇంజనీరింగు చదివించింది.

పట్టా చేతికొచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో కూతురు ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. కబురు చేస్తామన్నవాళ్ళే గానీ చేసినవాళ్ళు లేరు. మొదట్లో ఇంటికి రాగానే ఏమేం అడిగారో పూస గుచ్చినట్టు చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. కంచం ముందు కూర్చుని, చెయ్యి ఎండిపోయేదాకా గోడకేసి చూస్తుంది. మొన్నొక రోజు ఉన్నట్టుండి, "నేను లేకపోతే నీకు బరువు తగ్గేదమ్మా," అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి తల్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకునే పడుకుంటోంది.

అలాంటిది, ఈ ఆఫీసులోనే ఒక ఉద్యోగం ఖాళీ పడిందని వారం కిందట కూతురే చెప్పింది. ఫెసిలిటీ అసిస్టెంటట. తల్లికి నోరు తిరగలేదు. నోరు తిరగని పేరు పెట్టారంటే పెద్ద ఉద్యోగమే అయ్యుంటుందని సంబరపడింది.

వరండాలో బెంచీలు చాలక సగం మంది గోడకు చేరగిలబడి నిలబడ్డారు. ఇస్త్రీ నలగకుండా మోచేతులు ఎడంగా పెట్టుకున్నారు. ఒకతను కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. కూతురు కిటికీ పక్కన తల వంచుకుని కూర్చుంది.

"ఎంతమంది బాబూ?" తల్లి చీపురు ఆపి అటెండర్ని మెల్లగా అడిగింది.

"నలభై ముగ్గురు. అందరూ ఇంజనీర్లే. ఖాళీ మాత్రం ఒక్కటే ఆయమ్మా."

"ఒక్కటేనా! ఏ సెక్షన్లో?"

అటెండరు ఆమె ముఖంలోకి చూసి, చటుక్కున కాగితాల్లోకి తల దించేశాడు. "నాకేం తెలుసు? పిలవడమే నా పని. నాలుగో నంబరు!"

కూతురిది నలభై మూడు. అందరికంటే ఆఖరు. లోపలికి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే బయటికి వస్తున్నారు. ఒకతను తలుపు ధడాలున వేసి, "దీనికా నేను చదివింది!" అని ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తల్లి తుడిచిన చోటే తుడుస్తోంది. మధ్యాహ్నం దాటాక ఆఖరి నంబరు పిలిచారు. ఆమె గుడ్డ తీసుకుని మేనేజరు గది తలుపు అద్దం దగ్గరికి చేరింది.

"వేరే బ్రాంచీల్లో ఇంజనీర్లు వారం తిరక్కుండానే మానేస్తున్నారమ్మా. నువ్వు ఉంటావా?"

"ఉంటానండి."

"రోజంతా కాళ్ళ మీద ఉండాలి."

"అలవాటు చేసుకుంటానండి."

ఫ్యాక్టరీలు తనిఖీ చేసే పని కాబోలు అనుకుంది తల్లి. తర్వాత ఏవో రసాయనాల గురించి అడిగారు. ఏది దేంతో కలిస్తే ఏ విషవాయువు పుడుతుందో కూతురు గడగడా చెప్పేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల్లికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఆ చదువు ఎవరో ఒకరి చెవిన పడింది.

అప్పుడు మేనేజరు గొంతు తగ్గించి ఏదో అన్నాడు. ఆమెకు వినబడలేదు. అద్దం మీద గుడ్డ ఆగిపోయింది. 'ఒప్పుకోవే, ఏదైనా సరే ఒప్పుకో. నా కోసం ఒప్పుకో,' అని మనసులోనే బతిమాలుకుంది.

"సరేనండి."

ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

తలుపు తీసుకుని వచ్చిన కూతురు ఆమె వైపు చూడనైనా చూడలేదు. చెప్పిన మాట అక్షరాలా పాటిస్తోందనుకుంది తల్లి. మెట్ల మలుపులో అందుకుంది.

"ఏమైందే?"

"వచ్చిందమ్మా. రేపట్నుంచే రమ్మన్నారు."

తల్లి అక్కడే మెట్టు మీద కూలబడింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసింది. తలెత్తి చూస్తే కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది.

"వస్తే ఏడుస్తావేమే పిచ్చిపిల్లా?"

కూతురు ఆమె తడిచేతులు రెండూ లాక్కుని ముఖానికి అదుముకుంది. "నువ్వింక ఇంట్లో కూర్చోమ్మా. చాలు... చాలా చేశావు."

"నేనెందుకు కూర్చుంటానే? రేపు ఇద్దరం ఒకే బస్సులో వద్దాం. దిగాక నువ్వు ముందు నడు, నేను కాస్త వెనకాల వస్తాలే."

కూతురు చేతులు వదిలేసి మెట్లు దిగి పరుగెత్తింది. ఆనందం పట్టలేకపోతోంది పాపం, అనుకుని తల్లి కళ్ళు తుడుచుకుంది.

పైకి వచ్చేసరికి మేనేజరు గది బయటే నిలబడి ఉన్నాడు.

"ఆఖర్న వచ్చిన అమ్మాయిని చూశావా?"

"చూశాను సార్. నెమ్మదస్తురాలిలా ఉంది," అంది, ఎవరో పరాయి పిల్ల గురించి చెప్పినట్టు.

"ఆ అమ్మాయినే తీసుకున్నాం. ఇకమీదట ఏ పనికైనా చదువుకున్నవాళ్ళే ఉండాలని పైనుంచి ఆర్డరు. నా చేతిలో ఏమీ లేదు."

"మంచిదేగా సార్! చదువుకి ఆ మాత్రం విలువ ఉండొద్దూ?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నుంచి నీ పని ఆ అమ్మాయి చేస్తుంది ఆయమ్మా."