వంక పెట్టే కొలువు

పడకగది గోడను వేళ్లతో కొట్టి చూసి రవీందర్ పెదవి విరిచాడు.

"గోడ సప్పుడే వేరేగున్నది. లోపల బోలుగున్నట్టున్నది."

"వంటిల్లు గిట్ల ఇరుకుంటే ఎట్ల? బోనాలకు సుట్టాలొస్తే యాడ కూసుంటరు?" అంది అతని భార్య ఆండాలు.

ఆ ఫ్లాట్ కొనడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. కొనే ఉద్దేశమూ లేదు. ఉప్పుగూడ స్టేషన్ వెనక అద్దెగదిలో ఉండే ఆ దంపతులకు ఈమధ్యే ఒక కొలువు దొరికింది. ఇళ్లు చూడటమే ఆ కొలువు.

ఇచ్చింది 'కొత్తగడప' అనే యాప్ వాళ్లు. ఇళ్లు అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలిపే యాప్ అది. దాన్ని పెట్టిన మనీష్ ఫొటో ఆ వారమే ఒక వ్యాపార పత్రికలో అరపేజీ పడింది. చేతులు కట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. ఇల్లు నిజంగా కొనేదెవరో, ఊరికే చూసి పోయేదెవరో తమ కృత్రిమ మేధ ఇట్టే కనిపెట్టేస్తుందని, కొనేవాళ్లనే ఏరి బిల్డర్ల దగ్గరికి పంపుతుందని అందులో చెప్పాడు. ఇవాళ కిషన్‌బాగ్‌లోని ఈ కొత్త అపార్ట్‌మెంట్‌కు అలా ఏరి పంపినవాళ్లే రవీందర్, ఆండాలు.

అంతకుముందు రవీందర్ అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణంలో బస్సు టికెట్లు రాసేవాడు. టికెట్లు ఫోన్లోనే దొరకడం మొదలయ్యాక ఆ దుకాణం మూతపడింది. ఒక యాప్ లాక్కున్న కూడు ఇంకో యాప్ పెడుతోందని అతనికి సంతోషమే. ఆండాలుకే మనసొప్పడం లేదు. ఎవరి కష్టార్జితానికో ఎసరు పెడుతున్నామని ఆమె బాధ.

యాప్ తరఫున వీళ్లను చూసుకునే కుర్రాడు ప్రణీత్ మొదట్లోనే పాఠం చెప్పాడు.

"ఇల్లు మస్తుగున్నదని అసలే అనొద్దన్నా. ఊకె చూసిపోయెటోళ్లు గట్లంటరు. కొనెటోళ్లు వంకలు పెడ్తరు. మీరు వంకలు పెట్టుండ్రి. వీళ్లు కొనుక్కపోతరేమో అని అవుతలోళ్లకు భయం పుట్టాలె."

ఇవాళ పొద్దున ఇంకో మాట కూడా చెప్పాడు. "పొద్దుగూకే లోపట ఎవరితోనన్న బయానా పైసలు ఇప్పిస్తే మీ ఇద్దరి నౌకరీ పక్కా. లేకుంటే రేపటి సంది రావొద్దు వదినా. నేనేం చెయ్యలేను, పైనుంచి ఆర్డర్."

అందుకే ఇద్దరూ ఇవాళ ప్రాణం పెట్టి వంకలు పెడుతున్నారు.

అవతలివాళ్లు కూడా తక్కువ తినలేదు. ఎల్లయ్య, స్రవంతి అని ఇదే ఫ్లాట్ చూడటానికి ఛత్రినాక నుంచి వచ్చిన జంట. ఎల్లయ్య ప్రతి కుళాయీ తిప్పాడు. కిటికీ గడియ సరిగ్గా పడటం లేదన్నాడు. చంకలో పాపతో స్రవంతి పైకప్పంతా వెతికింది.

"ఉయ్యాల కడ్దామంటే కొండి గూడ లేదాయె" అని సణిగింది.

ఆ మాటకు ఆండాలు గుండె కలుక్కుమంది. ఈ పిల్ల అప్పుడే ఇక్కడ కాపురం పెట్టేసింది అనుకుంది.

గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న బిల్డర్ అందరికీ చాయ్ తెప్పించాడు.

"మిగిలింది గీ ఒక్కటే. ఎవరు ముందు బయానా ఇస్తే వాళ్లకే. నాకు అందరు సమానమే" అన్నాడు. అంటూ రవీందర్ ముఖమే చూశాడు. తన నటన అంత బాగా కుదిరినందుకు రవీందర్ లోలోపల మురిసిపోయాడు.

"మా బామ్మర్దికి ఫోన్ చేసిన. పైసలు పట్టుకొని తొవ్వల ఉన్నడు" అన్నాడు హుషారుగా. ఆండాలుకు అన్నదమ్ములే లేరు.

"తొవ్వల ఉంటే ఉండనియ్యి. నా చెక్కుబుక్కు జేబులనే ఉన్నది" అన్నాడు ఎల్లయ్య, చొక్కా జేబు తడుముకుంటూ.

"మేం ముందొచ్చినం భాయ్!"

"ముందొచ్చుడు కాదు, ముందిచ్చుడు!"

లొల్లి ముదిరింది. పాప ఏడుపు అందుకుంది. స్రవంతి పాపను ఎత్తుకుని మెట్ల దగ్గరికి వెళ్లింది. కాసేపు ఆగి ఆండాలు కూడా వెళ్లింది.

వానాకాలంలో ఈ అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండిపోయి, లిఫ్ట్ ఆగిపోయి, మంచినీళ్ల సంపులో మురుగు కలుస్తుందని వచ్చేటప్పుడే వాచ్‌మన్ చెప్పాడు. ఆ నీళ్లు ఈ పాప తాగుతుంది. నిజం చెబితే తమ కొలువు పోతుంది. అద్దెగది కూడా పోవచ్చు. ఆండాలు ఒకసారి లోపలికి చూసింది. మొగుడు పట్టుదలగా అరుస్తున్నాడు. పాపం, బాగా అరుస్తున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

"చెల్లె, జర ఇను. గీ ఇల్లు కొనకుండ్రి" అంది, స్రవంతి చెయ్యి పట్టుకుని. "వానొస్తే సంపుల మోరీ నీళ్లు కలుస్తయంట. మేము కొనెటోళ్లం కాదు. మీరు ఆగమాగమై బయానా ఇయ్యాల్నని యాప్ వాళ్లు మమ్మల్ని నిలవెట్టిన్రు. నీ బిడ్డ మొఖం చూసి చెప్తున్న, మీ ఆయనను చెక్కు రాయనియ్యకు."

స్రవంతి ముఖం పాలిపోయింది. పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని అలాగే నిలబడిపోయింది. పోతే పోయింది కొలువు, ఒక సంసారం నిలబడింది అనుకుంది ఆండాలు. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలికపడింది.

స్రవంతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"గట్లయితే మా నౌకరీ గూడ పాయె కదక్కా, మీరు నిజంగ కొనెటోళ్లని యాప్ చెప్పినందుకే మిమ్మల్ని తొందరపెట్టనీకి బిల్డర్ మమ్మల్ని తెచ్చిపెట్టిండు."