చెరువు గట్టున రెండు గంటలు

"సిగ్గేంది అంకుల్? గీ బాధ మస్తు మందికుంటది. చెప్పున్రి," అంది సుమేరా.

పట్టాభిరామయ్య తెర వేసిన వంటింటి వైపు ఓసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఆపుకోవడం కష్టంగా ఉందమ్మా. బాత్రూం దాకా వెళ్లేలోపే బట్టలు తడిసిపోతున్నాయి. డాక్టరుకి చూపించాం. మందులతో పాటు నీ దగ్గర అభ్యాసం కూడా చేయమన్నారు."

సుమేరా ఆక్యుపేషనల్ థెరపిస్టు. మేడ్చల్ చుట్టుపక్కల ఇళ్లకు స్కూటీ మీద వెళ్లి, జబ్బుపడ్డవాళ్లకు రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేస్తుంటుంది.

"బాగైతే ముందుగాల ఏం జేస్తరు?"

ఆయన చూపు కిటికీ దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. "షామీర్‌పేట చెరువు గట్టున కూర్చోవాలి. ఇంటికి పరుగెత్తాలన్న ధ్యాస లేకుండా, పొద్దుగుంకేదాకా."

ఆ వారమే బాత్రూం దారిలో ఉన్న టీపాయ్, కాలిపట్టా తీయించింది. అవసరం ఉన్నా లేకున్నా గంటకోసారి వెళ్లి కాగితం మీద రాయమంది.

"తొందరొస్తే ఉరుకకున్రి. ఉన్నకాడనే ఆగి, కింది కండరాలు బిగబట్టున్రి. మెల్లగ ఊపిరి తీస్కోన్రి. తగ్గినంక నడువున్రి."

ఆమె చెప్పిన ప్రతి మాటనూ ఆయన గట్టిగా రెండుసార్లు వల్లెవేసేవాడు. ఇంత శ్రద్ధగల మనిషిని సుమేరా చూడలేదు. కమోడ్ పక్కన కడ్డీ బిగించేటప్పుడు, ఆరడుగుల మనిషి, ఇంకాస్త కిందికి పెట్టమన్నాడు. మోకాళ్ల నొప్పులేమో అనుకుంది.

భార్య శేషారత్నం తెర పక్కనుంచి మజ్జిగ గ్లాసు అందించేది. ఒక్క మాటా మాట్లాడేది కాదు. భర్త కష్టానికి కుంగిపోయింది కాబోలు, పాపం!

ప్యాడ్లు కొని తెచ్చుకుంటున్నాడని కాలనీలో ఆయన్ను చూసి నవ్వుకున్నారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేశాడు.

కాగితం మీద గంట వ్యవధి గంటన్నర అయింది, తర్వాత రెండు గంటలు దాటింది. మూడో నెల చివర్న ముగ్గురూ షామీర్‌పేట వెళ్లారు. గాలికి నీళ్ల మీద వెలుగు ముక్కలై తేలుతోంది. కొంగలు నిద్రలో నడిచినట్టు నడుస్తున్నాయి. అవతలి గట్టు నీడలో కలిసిపోయేదాకా ఎవరూ లేవలేదు.

"రెండు గంటలాయె! గెలిచిన్రు అంకుల్!" అంది సుమేరా.

పట్టాభిరామయ్య కళ్లు తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు. శేషారత్నం మొదటిసారి సుమేరా చెయ్యి పట్టుకుంది.

"జబ్బు నాదమ్మా."