ప్రార్థన కాసేపు ఆపండి

చేయి చాస్తే తీగ అందుతుందనగా, కింద చర్చిలోంచి సువార్తమ్మ గొంతు మహేంద్ర చెవిన పడింది.

"ప్రభువా, నీకు కానిదంటూ ఏముంది? ఈ నిమిషమే, ఇప్పటికిప్పుడే మాకు కరెంటు పంపించు తండ్రీ."

వెనకే ముప్పైమంది ఆమేన్ అన్నారు. స్తంభం మీద మహేంద్ర చాచబోయిన చేతిని వెనక్కి లాక్కున్నాడు.

చాపాడు పక్క పల్లెలో ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన. చర్చికి వెళ్లే తీగ పొద్దున్నే స్తంభం దగ్గర తెగిపోయి ఫ్యాన్లూ మైకూ ఆగిపోయాయి. లైన్‌మన్ మహేంద్ర సబ్‌స్టేషన్‌లో ఉన్న లోకేష్‌కు ఫోన్ చేసి, లైను ఆపమని చెప్పి, ఆపానన్నాకే స్తంభం ఎక్కాడు. లోకేష్ మీద అతనికి నమ్మకమే. ఇబ్బందల్లా సువార్తమ్మ మీద అంతకంటే ఎక్కువ నమ్మకం ఉండటం. పోయిన నెల తప్పిపోయిన మేక కోసం ఆమె ప్రార్థిస్తే రెండు మేకలు ఇల్లు చేరాయి. రెండోది ఎవరిదో ఊళ్లో ఇప్పటికీ తేలలేదు.

మహేంద్ర గబగబా దిగి, గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికొచ్చి ప్రార్థన ఆపమన్నాడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పాస్టర్ దేవదానం కళ్లు తెరిచి, ఆపమనడానికి నువ్వెవరని అడిగాడు.

"మీ దేవునితో నాకేం తగువు లేదు పాస్టరయ్యా. ఆయప్ప మీ మాట ఇని కరెంటు ఇడిస్తే, ఆడ స్తంభం మీద ఉండేది నేను కదా."

పాస్టర్ నవ్వాడు. అడగడం తమ వంతే గానీ, సబ్‌స్టేషన్‌లో ఆపేసిన కరెంటు అడగ్గానే ఎలా వచ్చేస్తుందని, భయం లేకుండా వెళ్లి ఎక్కమని సర్దిచెప్పాడు.

సువార్తమ్మ మోకాళ్ల మీదే ఆయన వైపు తిరిగింది.

"అంటే అయ్యగారూ, రాదని తెలిసే ఇంతసేపూ మాతో అడిగిస్తాండారా?"

తన మాటకు అర్థం అది కాదంటూ పాస్టర్ చెమట తుడుచుకున్నాడు. ఆమె వినలేదు. ఇంతమందిలో తన ప్రార్థనను నిజంగా నమ్మింది ఈ లైన్‌మన్ పిల్లోడొక్కడేనని అందరికీ వినిపించేలా అంది. మహేంద్రకు ఆ మెప్పు అక్కర్లేదు. ఆపితే చాలదు, ఇంతవరకు చేసింది కూడా వాపసు తీసుకోవాలని పట్టుబట్టాడు. పైకి వెళ్లిపోయింది ఎప్పుడు పనిచేస్తుందో ఎవరికి తెలుసన్నాడు.

సువార్తమ్మకు అది సబబుగానే తోచింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఇందాక తొందరపెట్టినాం. ఈ పిల్లోడు ఎక్కి దిగేదాకా ఆ కరెంటు నీకాడే పెట్టుకో. శానా జాగ్రత్త తండ్రీ, ఇంకా పెండ్లి కావాల్సినోడు."

ఈసారి అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మహేంద్రే. గుండె నిబ్బరం చేసుకుని బయటికొచ్చి, స్తంభం మీద కాలు పెట్టాడో లేదో జేబులో ఫోన్ మోగింది. లోకేష్. ఎత్తగానే అరిచాడు.

"మహేంద్రా, యాడుండావప్పా? కిందనే ఉండావు కదా? ఎక్కొద్దు. నేను ఆపింది పక్క లైను. నీ స్తంభం మీద కరెంటు పొద్దున్నుంచీ పోనే లేదు."